జాలీ వెనక ఆయిల్ కూలర్

నా దగ్గర రెండే సీట్ల పాత స్పోర్ట్స్ కారు ఒకటి ఉండేది. గనుల నుంచి బదిలీ అయి వెళ్తూ ఒక ఇంజనీరు నాకు అమ్మిన విలాయతీ బండి. నేను ఖమ్మంలో ఓవర్సీరుగా ఉన్న ఎనభైలలో ప్రతి ఎండాకాలం దానితో నాకు పేచీయే. ముప్పై మైళ్లు దాటితే ఇంజన్ ఆయిల్ కాగి నీళ్లలా పలచబడేది. ఆయిల్ ప్రెషర్ ముల్లు కిందికి జారేది. అలాగే నడిపితే ఇంజన్ పట్టేస్తుంది. అందుకని ఏ చెట్టు కిందో ఆపి గంటసేపు కూర్చోవాలి. ఒకే వేసవిలో మూడుసార్లు మా ఆవిడ అలా రోడ్డు పక్కన కూర్చుంది. మూడోసారి తేల్చి చెప్పింది.

"ఇంకొక్కసారి నన్ను తొవ్వల కూసోబెడితే దీన్ని అమ్మాలె. డైరీల రాసుకోండి."

రాసుకున్నాను. ఆ పేజీ ఇప్పటికీ ఉంది.

ట్రాక్టర్లు బాగుచేసే మేస్త్రీ ఒకాయన ఉండేవాడు. చర్చికి పోయే మనిషి, ఆదివారం పానా ముట్టడు. ఆయిల్ కూలర్ పెడదామన్నది ఆయనే. అది చిన్న రేడియేటర్ లాంటిది. వేడి ఆయిల్ ఒక పైపులో వచ్చి, దాని రేకుల మధ్య తిరిగి చల్లబడి, ఇంకో పైపులో ఇంజన్‌కు వెళ్లిపోతుంది. దాన్ని బండికి అన్నిటికన్నా ముందు, మూతికుండే ఇనప జాలీ వెనకే, గాలి నేరుగా తగిలేట్టు బిగించాలి.

పాత యంత్రాల వేలంలో ఒకటి దొరికింది. కిరోసిన్‌తో కడిగాము. అట్టముక్క కోసి, ఎక్కడ కూర్చుంటుందో చూసుకున్నాము. అదురు తగలకుండా కింద లారీ ట్యూబు ముక్కలు వేశాము. ప్రతి కొలతా నేను రాసుకుంటుంటే మేస్త్రీకి నవ్వు.

"సార్, కారుకు పని జేస్తున్నరా, జాతకం రాస్తున్నరా?"

"పైపు అరంగుళం జరిగితే ఫ్యాను రెక్కకు తగులుతది మేస్త్రీ."

"అవ్, అదీ నిజమే. రాయుండ్రి, రాయుండ్రి."

వారం పట్టింది. ఇంజన్ స్టార్ట్ చేస్తే ఒక్క చుక్క కారలేదు. మేస్త్రీ బానెట్ మీద చెయ్యి పెట్టి, కళ్లు మూసుకుని ప్రార్థన చేశాడు.

మర్నాడు ములకలపల్లిలోని వదినగారింటికి, అంటే మా ఆవిడ అక్కగారింటికి బయల్దేరాము. మా ఆవిడకు మేస్త్రీ ప్రార్థన ఒక్కటే చాలలేదు. "ఆయన ప్రార్థన ఆయనది, నా కొబ్బరికాయ నాది" అంది. ఆ ఎండల్లో బంతిపూలు ఎక్కడ సంపాదించిందో, పిడికిలంత మందాన దండ తెచ్చి, నాలుగు పేటలు వేసి జాలీకి కట్టింది. నేను పక్కనే నిలబడి దండం పెట్టాను.

కొత్తగూడెం ఇంకా రాలేదు, ముల్లు జారడం మొదలైంది. ఆమే చూసింది.

"మళ్ల పడుతున్నదా?"

"అవ్."

టేకు చెట్ల కింద ఆపాను. బానెట్ ఎత్తి చూస్తే ఎక్కడా లీకు లేదు. కూలర్‌లోకి పోయే పైపు ఎంత వేడిగా ఉందో, బయటికి వచ్చే పైపూ అంతే వేడిగా ఉంది. ఆయిల్ తిరుగుతోంది గానీ చల్లబడటం లేదు. ఎందుకో తెలియలేదు. ఇక బండి పోయినట్టే అనుకున్నాను.

ఇంతలో ఆవిడ దిగి ముందుకు వచ్చింది.

"ఏమండీ, పూలు ఉడికినయి."

వంగి చూశాను. దండ నల్లగా కమిలి జాలీకి అతుక్కుపోయింది. గాలి రావాల్సిన దారంతా పూలే. అరంగుళం కూడా తప్పకుండా కొలిచిన నేనే, ఆ దారి మూసేస్తుంటే దగ్గరుండి దండం పెట్టాను.

"నేనే కడితి గద" అంది మెల్లగా.

"నేను చూస్తనే ఉంటి గద."

ఆమె ఒక్కొక్క పేటా ఊడదీసి చెట్టు మొదట్లో పెట్టి, చేతులు దులుపుకుంది.

"ఇది లెక్కకు రాదు. బండి తప్పేం లేదు ఇందుల."

అరగంట తర్వాత కదిలాము. కొత్తగూడెం వచ్చింది, పోయింది. పాల్వంచ దాకా ముల్లు ఉండాల్సిన గీత మీదే నిలబడింది. ఆవిడ అడవిని చూడలేదు, దారి పొడుగునా ఆ ముల్లునే చూస్తూ కూర్చుంది. ములకలపల్లికి మళ్లే చోట నేను స్పీడు తగ్గించగానే నా మోచెయ్యి పట్టుకుంది.

"అక్క యాడికి పోతది? పొద్దు బాగున్నది. ముందుగాల భద్రాచలం పోయొద్దాం."

బండిని నేరుగా పోనిచ్చాను.