ఆరున్నొక్కటో ఎక్కం

తొంభైల చివర్లో మల్కాపురంలో ఒక చిన్న ప్రైవేటు బడిలో మూడో తరగతికి లెక్కలు చెప్పేదాన్ని. పోర్టులో, రిఫైనరీలో పనిచేసేవాళ్ళ పిల్లలే ఎక్కువ. మా నాన్న కూడా గోదావరి జిల్లా నుంచి పోర్టు ఉద్యోగానికే వచ్చాడు. నాకప్పుడు ఇరవై రెండేళ్ళు. ఓపిక తక్కువ, స్కేలు వాడకం ఎక్కువ. ఆ రోజుల్లో అది తప్పని ఎవరూ అనలేదు, నేనూ అనుకోలేదు.

బడిలో ఒక నియమం ఉండేది. పదో ఎక్కం దాకా హెడ్మాస్టరు గారి ముందు ఒప్పజెప్పిన పిల్లలే నాలుగో తరగతికి వెళ్ళాలి. లేకపోతే మళ్ళీ మూడే.

రెండో బెంచీలో కూర్చునే ఒక పిల్ల ఆరో ఎక్కం దాకా, మధ్యలో ఏడు వచ్చే చోట్లు దాటేస్తూ, గడగడా చెప్పేసేది. ఏడో ఎక్కం అనగానే నోరు మెదిపేది కాదు. అంకెలు లెక్కపెట్టమన్నా అంతే. ఐదు, ఆరు అని ఆగి, గుటక మింగి, ఎనిమిది అనేది. పలక మీద మాత్రం ఏడు గుండ్రంగా రాసేది. మొండిఘటం అనుకున్నాను. ఒకరోజు నిలబెట్టి, ఆరు తర్వాత ఎంతో చెప్పేదాకా కూర్చోనివ్వనన్నాను. చాలాసేపటికి "ఏడు" అంది. తెలిసీ ఇన్నాళ్ళూ నన్ను ఆడిస్తున్నావా అని అరచేతి మీద ఒక్కటి వేశాను. వెక్కి వెక్కి ఏడ్చింది. ఆ తర్వాత ఆ మాట మళ్ళీ ఆ పిల్ల నోట రాలేదు.

ఒప్పజెప్పే రోజుకు ఇంకా రెండు వారాలుందనగా, బజారులో మరమరాలు కొనడానికి ఆగాను. అమ్మేది ఆ పిల్ల నాయనమ్మే. పిల్లలకి పంచుదామని పది డబ్బాలు కొలవమన్నాను.

"లాభం, రెండు, మూడు, నాలుగు, ఐదు, ఆరు, ఆరున్నొక్కటి, ఎనిమిది..."

మొదటి కొలతని లాభం అనడం మా వైపూ ఉంది. నా చెవికి తగిలింది ఆ ఆరున్నొక్కటి.

"ఏడు అనవా?" అన్నాను.

"అదేటి పంతులమ్మా అలగంతన్నారు! ఏడంటే ఇంట్లో ఏడుపు పడతాది. మా మనవరాలికీ నాను అదే సెప్పాను."

ఆరున్నొక్క రాగం ఆపమని పిల్లల్ని రోజుకు పదిసార్లు కసిరే నాకు ఇది తట్టలేదు. పైగా లెక్కల టీచర్ని. సిగ్గేసింది.

మర్నాడు పిల్లని పిలిచి, "మీ నాయనమ్మ చెప్పినట్టే చెప్పు" అన్నాను. కాసేపు అనుమానంగా చూసింది. "ఆరున్నొక్కటి ఒకట్ల ఆరున్నొక్కటి" అని మొదలుపెట్టింది. క్లాసంతా గొల్లున నవ్వింది. ఒక్క అరుపుతో ఆపాను. ఎనిమిదుల దగ్గర ఆగిపోయింది. నేను అందించేలోపే తనే వేళ్ళు మడిచి, "ఆరు ఎనిమిదుల నలభై ఎనిమిది, ఇంకొక్క ఎనిమిది... యాభై ఆరు" అంది.

నేనెప్పుడూ చెప్పని పద్ధతి అది. ఏడంటే ఆరూ ఒకటీ అని ఆ ముసలమ్మ మాటలోనే ఉంది, పిల్ల దాన్ని పట్టుకుంది. వారం తిరిగేసరికి పక్క బెంచీ వాళ్ళకీ నేర్పేసింది. నేను చెప్తే ఎక్కనిది దాని మాటతో వాళ్ళకి ఎక్కింది. నాకు కొంచెం ఉక్రోషం, బోలెడంత సంతోషం.

ఒప్పజెప్పే రోజు హెడ్మాస్టరు గారు ఏడో ఎక్కమే అడిగారు. పిల్ల చేతులు కట్టుకుని, ఆరున్నొక్కటో ఎక్కం పది దాకా ఒక్క తప్పు లేకుండా చెప్పింది. ఆయన నావైపు చూశారు. నాయనమ్మ సంగతి చెప్పాను. స్కేలు సంగతి చెప్పలేదు. ఆయన నవ్వి, పేరు పక్కన టిక్కు పెట్టారు.

"నాలుగులోకి వెళ్ళిపోయావులే. ఇప్పుడొక్కసారి ఏడు అనమ్మా. ఏడుపూ రాదు, ఏమీ రాదు" అన్నారు ముద్దుగా.

"ఓపాలి అన్నాను సార్" అంది పిల్ల. "వచ్చీసింది."

ఆయన పగలబడి నవ్వారు. నాకు మాత్రం తలెత్తబుద్ధి కాలేదు.