మాలో పూల బాబాయి

బ్రేకుల బాబాయికి ఉన్నది ఒకే ఒక్క పిచ్చి. పూల గింజలు ఇవ్వడం. ఇచ్చి ఊరుకుంటే దాన్ని దానగుణం అనేవాళ్లు. ఊరుకోడు. మర్నాటి నుంచి మీ గుమ్మం ముందు నిలబడి, ఆ గింజ మొలిచిందా, మొలిస్తే ఇంత ఆలస్యంగా ఎందుకు మొలిచింది, మొలవకపోతే మీరేం పాపం చేశారు అని ఆరా తీస్తాడు. అందుకే దాన్ని పిచ్చి అన్నారు.

ఉద్యోగం చేసినన్నాళ్లూ ఆయన డ్రైవింగ్ స్కూల్లో కార్లు నడపడం నేర్పాడు. నేర్పేవాడి కాళ్ల దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది కదా, దాని మీద పెట్టిన కాలు రిటైరయ్యాక కూడా దిగలేదు. కళ్లెదుట ఎవరు తప్పు చేసినా ఆ కుడికాలు నేలను గట్టిగా తొక్కేస్తుంది. భార్య కూరలో ఉప్పు ఎక్కువ వేస్తుంటే వంటింట్లో తొక్కాడు. క్షవరం చేయించుకుంటూ, కత్తెర చెవి దాకా వచ్చిందని తొక్కి, ఆ క్షవరం చేసే అతని బొటనవేలు నలగ్గొట్టాడు. పేరు అలా స్థిరపడిపోయింది.

సోఫాలు కుట్టే ఆమె ఇంటికి బాబాయి వచ్చాడు, ఆమె భర్త పోయిన నెలకి.

ఆ ఇంట్లో ముందుగదే దుకాణం. భర్త చెక్క ఫ్రేములు బిగించేవాడు, ఆమె గుడ్డ కుట్టేది. ఒక సాయంత్రం అతను స్ప్రింగులు కడుతూ కడుతూ, "కాస్త ఆయాసంగా ఉంది, మంచినీళ్లివ్వు" అన్నాడు. ఆమె గ్లాసు పట్టుకుని వచ్చేసరికి మనిషి లేడు. ఆ సోఫా స్ప్రింగులు బయటపెట్టుకుని గది నడిమధ్య అలాగే ఉండిపోయింది. మిషను మీద దుమ్ము పేరుకుంది. ఎవరు తలుపు తట్టినా లోపల్నుంచే సమాధానం చెప్పి పంపేయడం ఆమెకు అలవాటైపోయింది.

"దుకాణం లేదండీ."

"నాకు సోఫా ఎందుకమ్మా? ఒకచోట కూర్చునే రకాన్ని కాదు నేను. తలుపు తియ్యి."

తీసింది. ఎదురుగా ఒక కాగితం పొట్లం, దాని వెనక బాబాయి.

"ఏంటివి?"

"మాలో."

"మీలోనా? మీలో ఏమైంది?"

"మాలో అంటే మాలో కాదమ్మా! పువ్వు పేరే మాలో. మందారానికి చెల్లెలి వరస. గులాబీరంగు రేకు, దాని మీద ముదురు గీతలు. చూశావంటే కళ్లు తిప్పుకోలేవు."

"నాకొద్దు బాబాయ్. ఇప్పుడు పూలు పెంచే ఓపిక నాకు లేదు."

"నిన్ను పెంచమన్నానా? అదే పెరుగుతుంది. నువ్వు అడ్డం రాకుండా ఉంటే చాలు."

ఆయన్ని వదిలించుకోవడానికి కిటికీ కింద ఎండపడే జాగాలో గింజలు గుప్పెడు చల్లేసింది. పీడ వదిలిందనుకుంది. అసలు పీడ మర్నాడు పొద్దున్నే మొదలైంది.

"నీళ్లు అలా పైనుంచి కుమ్మరిస్తారా? క్లచ్ వదిలినట్టు వదలాలి. మెల్లగా... మెల్లగా... ఆపు!" కాలు నేలను తొక్కింది. ఆమె ఉలిక్కిపడి చెంబు కింద పడేసింది.

ఆయన నోరు మూయించాలంటే త్వరగా పూయించడమే దారి అనుకుని, మొక్కలు మోకాలెత్తు రాగానే ఆమె బుట్టెడు ఎరువు వేసింది. ఆకులు అప్పడాల్లా విచ్చుకున్నాయి. మొగ్గ మాత్రం ఒక్కటీ లేదు.

"ఎరువు వేశావా?"

"వేశాను."

"ఇంకేం! దీనికి తిండి ఎక్కువైతే ఒళ్లు పెరుగుతుంది, పని చెయ్యదు. అచ్చం మా బావమరిది!"

మొక్కలు గుబురుగా ఉన్నాయి, కొన్ని తీసేస్తే గానీ మిగతావి బాగుపడవన్నాడు బాబాయి. ఆమె వంగి, ఒక మొక్క మొదలు పట్టుకుని, అలాగే ఉండిపోయింది.

"ఎవర్ని తియ్యమంటారు?" అంది.

ఆయన ఆమెను పక్కకు జరగమని, తనే కూర్చుని, తల అటు తిప్పుకుని నాలుగైదు పీకాడు.

"వీటిని ఇంకోచోట నాటొచ్చుగా?"

"ఇది వేరు కదిపితే బతకదమ్మా. మొలిచిన చోటే ఉండనివ్వాలి."

పీకిన మొక్కల్ని ఒడిలోకి ఏరుకుంటూ ఆమె అంది. "అందరూ నన్ను ఈ ఇల్లు మూసేసి మా అక్క దగ్గరికి వెళ్లిపొమ్మంటున్నారు."

"అందరూ అంటే ఎవరు? వాళ్లకి తోటపని తెలుసా?"

ఆమెకు నవ్వు రాలేదు గానీ, ఆ మాట మాత్రం గుర్తుండిపోయింది.

ఎలాగైతేనేం, పూలు పూశాయి. కిటికీ కింద గోడ కనబడకుండా పూశాయి. వాడిన పువ్వు వాడినట్టే తుంచాలని, లేకపోతే మొక్క గింజ మీద పడి పూయడం మానేస్తుందని బాబాయి రోజూ వచ్చి పాఠం చెప్పేవాడు. రోజూ వచ్చే మనిషికి టీ ఇవ్వకపోతే బాగుండదు. టీకి పాలు కావాలి. పాలకి వీధిలోకి వెళ్లాలి. వెళితే నలుగురూ పలకరిస్తారు. అలా పలకరించిన వాళ్లలో ఒకామె కుర్చీ దిండు చిరిగిందంటే, ఈమె మిషను మీద దుమ్ము తుడిచింది. గది మధ్యనున్న సోఫాను మాత్రం ముట్టుకోలేదు.

కాలం తిరిగింది. మొక్కలు అడుగునుంచి పసుపెక్కి, కాడలు ఎండి, ఒక పొద్దున్న చూస్తే పువ్వన్నదే లేదు. ఆమె నీళ్లు పోసింది. సాయంత్రం మళ్లీ పోసింది. మర్నాడు బాబాయి వచ్చేసరికి, ఎండిన మొక్కకి కర్ర కట్టి నిలబెడుతోంది.

"వదిలెయ్యమ్మా. ఇది ఒక్క ఏటి మొక్క. దీని పని అయిపోయింది. పీకేద్దాం."

"ఒక్క ఏడేనా?"

"అంతే. దీని ఆయుష్షే అంత."

ఆమె చేతిలో కర్ర విసిరేసింది. "అన్నీ పోయేవే ఎందుకు తెచ్చిస్తారు మీరు? ఈ ఇంట్లో ఒకసారి చూసింది చాల్లేదా? ఎవరు అడిగారు మిమ్మల్ని? రేపట్నుంచి రాకండి!"

బాబాయి కుడికాలు కదల్లేదు. చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయాడు.

నిజంగానే రాలేదు. ఆమె అలవాటు కొద్దీ రెండు టీలు కలిపి, ఒకటి పారబోసేది. ఓ రోజు తలనొప్పి మాత్ర కోసం వెళితే మందుల షాపాయన మాట కలిపాడు.

"మీకు ఇచ్చాడు, అదృష్టవంతులు. ఆ మాలో గింజలు మాకూ ఇవ్వమని ఏళ్ల తరబడి అడుగుతున్నా. 'నీకెందుకయ్యా, మీ ఇంట్లో అందరూ ఉన్నారుగా' అంటాడు! అందరూ ఉంటే పూలు పెంచకూడదా? పిచ్చి కాకపోతే ఏంటిది?"

ఆమె మాత్ర తీసుకోవడం మరిచిపోయి బయటికొచ్చింది. వీధిలో కిందటి నెల దాకా ఆ పూలున్న ఇళ్లన్నీ ఒక్కొక్కటే చూసుకుంటూ నడిచింది. తల్లి పోయిన నర్సు ఇల్లు. కొడుకు పోయిన టైలరు ఇల్లు. చెల్లెలు పోయాక ఒంటరిగా మిగిలిన లెక్కల టీచరమ్మ ఇల్లు.

అటు నుంచి అటే బాబాయి ఇంటికి వెళ్లింది. పిన్ని వరండాలో కూర్చుని ఎండిన కాయల్ని నలిపి గింజలు తీస్తోంది.

"రామ్మా. ఆయన పెరట్లో ఉన్నాడు. నాతో కూడా మాట్లాడటం లేదు. ఏమన్నావేంటి?"

ఆమె అన్న మాట చెప్పింది. పిన్ని గింజల చేట పక్కన పెట్టింది.

"మాకో అమ్మాయి ఉండేది. కాలేజీలో చేరిన ఏడే జ్వరం తగిలి పోయింది. మొదట్లో ఇల్లు పట్టనంత జనం. ఆ తర్వాత ఒక్కరూ లేరు. వాళ్లకి ప్రేమ లేక కాదమ్మా. ఏ వంక పెట్టుకుని రావాలో తెలీక. అప్పుడు మొదలెట్టాడు ఈయన ఈ గింజల గోల."

"బాబాయికి పూలంటే అంత ఇష్టమా?"

"ఇష్టమా! పుప్పొడి పడదు, ఒకటే తుమ్ములు. మీ ఇంటికొచ్చే ముందు రోజూ మాత్ర వేసుకునేవాడు. నేనూ అడిగాను, ఉంటే ఉండిపోయే చెట్టేదైనా ఇవ్వొచ్చు కదా అని. 'చెట్టయితే ఒక్కసారి ఇచ్చి వచ్చెయ్యాలే పిచ్చిదానా. ఇదయితే ఏటేటా గింజలు పట్టుకుని వెళ్లొచ్చు, ఎందుకొచ్చావని ఎవరూ అడగరు' అన్నాడు."

ఆమె అక్కడే మెట్టు మీద కూలబడి, భర్త పోయాక మొదటిసారి పైకి ఏడ్చింది. పిన్ని వారించలేదు. వీపు నిమురుతూ కూర్చుంది.

పెరటి తలుపు దగ్గర పెద్ద తుమ్ము వినబడింది. బాబాయి వచ్చి, ఆమెను చూసి, తప్పు చేసిన పిల్లాడిలా గుమ్మంలోనే ఆగిపోయాడు. ఆమె కళ్లు తుడుచుకుంది.

"మొన్ననే మొక్కలు పీకేశాను బాబాయ్."

"మంచిదమ్మా."

"నేల కూడా తవ్వి పెట్టాను. నడుం లోతు."

"నడుం లోతా! గింజలకా, నువ్వు దిగడానికా? ఎవరు చెప్పారు నీకు? అయ్యో, అయ్యో... నా చెప్పులేవీ?"

"ముందు భోంచేసి వెళ్లండి" అంది పిన్ని.

"భోజనమా! అక్కడ ఈ పిల్ల బావి తవ్వి కూర్చుంటే!" తుమ్ముతూనే గేటు దాటి, వీధిలో పడి పరుగులాంటి నడక అందుకున్నాడు.

ఆమె లేచి, పిన్ని చెవి దగ్గర వంగింది. "జానెడే తవ్వాను పిన్నీ."

"తెలుసులే" అంది పిన్ని. "ఆయనకి చెప్పకు."