పుట్టకొక్కుల జాగ

మా వైపు పుట్టకొక్కులు, అంటే తినే పుట్టగొడుగులు, మొలిచే చోటు ఎవరూ ఎవరికీ చెప్పరు. ఒకసారి మొలిచిన చెదపుట్ట దగ్గరే ఏటా వానలకు మళ్లీ మొలుస్తాయి. చెబితే వచ్చే ఏడు మనకంటే ముందు ఇంకొకరు అక్కడ ఉంటారు. పాలంపేట అవతలి అడవిలో మా చిన్నాయనకు అలాంటి పుట్ట ఒకటి తెలుసు.

భాద్రపదంలో ఓ సాయంత్రం తెచ్చి, వండించుకుని తిన్నాడు. చిన్నమ్మది ఆ రోజు ఒక్కపొద్దు, ముట్టలేదు. తెల్లవారేసరికి ఆయనకు వాంతులు, విరేచనాలు. వరంగల్లో దవాఖానలో చేర్పించాం. మర్నాటికి తగ్గాయి. ఇంటికి పోదామని చొక్కా వేసుకుని కూర్చున్నాడు. డాక్టరు మాత్రం రక్తపరీక్ష కాగితం నాకు చూపించి, కాలేయం దెబ్బతింటోందనీ, తిన్నది ఏ రకమో తెలిస్తే హైదరాబాదుకు పంపే సంగతి వెంటనే తేల్చవచ్చనీ అన్నాడు. కూర గిన్నె అప్పటికే తోమేశారు. ఇక చోటు తెలియాలి.

"ఏడ తెంపినవ్ పెద్దాయనా?" డాక్టరు అడిగాడు.

"అడవిల."

"అడవిల ఏడ?"

"యాదికి లేదు సారూ."

పక్క మంచం మీదాయన నవ్వాడు. "నాకు చెప్పరాదే అన్నా, నేనే పోయి తెస్త."

"తెస్తవ్, ఎందుకు తేవు! మల్లేటికి సంచి పట్టుకొని నాకంటె ముందుంటవ్."

అప్పటికే చిన్నాయన కళ్లు పచ్చబడ్డాయి. "పానం మీదికొచ్చిందే చిన్నాయనా, చెప్పు," అన్నాను. చిన్నమ్మను కూడా బయటికి పంపించి, నా తల కిందికి లాక్కుని చెవిలో చెప్పాడు.

బండి మీద వెళ్లాను. పుట్ట మొదట్లో ఆకులు కప్పి ఉన్నాయి. తీసి చూస్తే, కత్తితో నేలమట్టానికి కోసిన కాడలు. అసలైన పుట్టకొక్కుకు గుర్తులు మూడు: టోపీ నడుమ మొన, ఉంగరం లేని కాడ, పుట్ట లోపలిదాకా దిగిన పొడవాటి వేరు. వేరు చూడాలంటే తవ్వాలి. తవ్వితే మన్ను లేచి, ఆ చోటు ఇంకొకరి కంట పడుతుంది. అందుకే ఆయన కోశాడు. ఆ సాయంత్రపు మసక వెలుతురులో మిగతా రెండు గుర్తులూ సరిగా కనిపించి ఉండవు. పక్కన మిగిలినవాటిలో కొన్ని వేళ్లతో లాగగానే ఊడివచ్చాయి. వేరు లేదు. కాడకు పలుచటి ఉంగరం, టోపీ మీద గోధుమరంగు పొలుసులు. కాగితంలో చుట్టి తెచ్చాను.

డాక్టరు వాటిని చూసి అప్పటికప్పుడు అంబులెన్స్ పిలిపించాడు. రఘునాథపల్లి దాటాక చిన్నాయన కళ్లు తెరిచాడు.

"నువ్ పోంగ ఎవలన్న చూసిండ్రా?"

"ఎవలు చూడలేదే."

ఆయన ముఖం తేటపడింది. హైదరాబాదులో మళ్లీ మాట్లాడలేదు. శవాన్నే ఇంటికి తెచ్చాం.

దినాలు అయిపోయాక చిన్నమ్మ నన్ను అడిగింది. "ఆ జాగ నీకు చెప్పిండు గద బిడ్డా. నాకెన్నడు చెప్పలే. జర చూపియ్యి."

తీసుకెళ్లాను. గడ్డపార ఎందుకు వెంట తెచ్చుకుందో అక్కడికి వెళ్లాక తెలిసింది. కొంగు నడుముకు చెక్కి పుట్టను పొడవసాగింది.

"పుట్ట మీదియి మంచియే చిన్నమ్మా. పానం తీసినయి పక్కయి."

"మంచియే బిడ్డా," అంది, గడ్డపార ఆపకుండా. "మంచియి గనకనే గద, ఎవలకు చెప్పక ఒక్కడే వచ్చిండు."