మెత్తబ్రేకు కొన్న కంప్యూటర్

డిపోలో అతన్ని అందరూ మెత్తబ్రేకు అనేవారు. నిలబడ్డ ముసలమ్మ కూడా కమ్మీ పట్టుకోనక్కర్లేనంత మెత్తగా బస్సు ఆపేవాడు. అలాంటివాడికి ఆ ఏటి కంటిపరీక్షలో పక్కచూపు తగ్గిందని తేలింది. ఎదురుగా ఉన్నది బాగానే కనిపిస్తుంది, పక్కనుంచి వచ్చేదే ఆలస్యంగా తెలుస్తుంది. స్టీరింగ్ దగ్గర్నుంచి లేపి పార్సిల్ గదిలో కూర్చోబెట్టారు. కొత్త డ్రైవరెవరో తన బస్సును ఎగరేసుకుంటూ తీసుకెళ్తుంటే, కిటికీలోంచి చూసి, పళ్లు బిగబట్టి మూటల మీద చీటీలు అంటించేవాడు.

కంప్యూటర్లో బస్సు నడిపే ఆట ఒకటుందని చెప్పింది వేరే ఊళ్లో ఉద్యోగం చేసే కూతురు.

"స్టీరింగు, పెడళ్లు కూడా దొరుకుతాయి నాన్నా. గేమింగ్ కోసమని అంతా బిగించి అమ్మే కంప్యూటర్ తీసుకో. కొనేముందు మాత్రం నువ్వే ఆడి చూడు" అంది.

చాలా కాలానికి అతని మొహంలో కళ వచ్చింది.

షాపుకి బావమరిది కూడా వచ్చాడు. ఇంట్లోకి ఏ వస్తువు కొన్నా అతను వెంట లేకపోతే భార్య ఊరుకోదు. తమ్ముడికి తెలియనిది లేదని ఆవిడ నమ్మకం. సేల్స్ అమ్మాయి ఒకే ఆటను రెండు కంప్యూటర్లలో పెట్టింది. ఒకటి నల్లటి డబ్బా, ట్రంకుపెట్టెను నిలబెట్టినట్టుంది. రెండోది అద్దాల పెట్టె. లోపల ఫ్యాన్లు రంగులు మారుస్తూ తిరుగుతున్నాయి.

మెత్తబ్రేకు ముందు నల్లదాని దగ్గర కూర్చున్నాడు. మలుపులో బస్సు చెప్పినట్టు తిరిగింది. స్టాపు దగ్గర పెడల్ మీద కాలు ఆనించగానే ఒదిగి ఆగింది. లేవబుద్ధి కాక ఇంకో స్టాపు దాకా నడిపాడు. అద్దాలదాంట్లో అదే మలుపు దగ్గర రోడ్డు కాసేపు బిగుసుకుపోయి, ఒక్కసారిగా ముందుకు దూకింది.

"ఇది పట్టేస్తోంది. నల్లదే తీసుకుందాం" అన్నాడు.

"పట్టేయడమేంటి బావా? రెండూ ఒకటే. నీ కళ్లకి అలా అనిపిస్తోంది. హాల్లోకి ఈ అద్దాలదే బాగుంటుంది."

సేల్స్ అమ్మాయి ఏదో చెప్పబోయింది. "సార్‌కి చూపు సమస్యమ్మా. డ్యూటీలోంచి కూడా దింపేశారు" అన్నాడు బావమరిది, రహస్యం చెబుతున్నట్టే, షాపంతా వినబడేలా. ఆ అమ్మాయి మెత్తబ్రేకు వైపు జాలిగా చూసి మాట మింగేసింది. ఆ చూపుకి అతను కుంగిపోయాడు.

"సరే, నీ ఇష్టం" అన్నాడు.

హాల్లో అద్దాల పెట్టె ధగధగా వెలిగింది. ఇరుగుపొరుగువాళ్లు వచ్చి మెచ్చుకున్నారు. అతను మాత్రం రోజూ పని నుంచి రాగానే స్టీరింగ్ పట్టుకునేవాడు. మలుపు తిరగ్గానే రోడ్డు బిగుసుకుపోయేది. అది కదిలేసరికి బస్సు స్టాపులో నిలబడ్డవాళ్ల మీదికి ఎక్కేసేది. బొమ్మ మనుషులే అయినా అతను స్టీరింగ్ వదిలేసి కళ్లు మూసుకునేవాడు. ఎదటి చూపు కూడా పోతోందని ఖాయం చేసుకున్నాడు. ఎవరికీ చెప్పకుండా కంటి డాక్టరు దగ్గరికి వెళ్లాడు. చూపు ఉన్నట్టే ఉంది, కొత్తగా తగ్గిందేమీ లేదన్నాడు డాక్టరు. ధైర్యం చెప్పడానికి అలా అంటున్నాడనుకుని దిగులుగా ఇంటికొచ్చాడు.

సెలవులకి వచ్చిన కూతురు కాసేపు ఆడి ఆపేసింది. "నాన్నా, ఇది ఆగి ఆగి పోతోంది. లోపల బొమ్మల్ని నడిపే గ్రాఫిక్స్ కార్డు పాతది పెట్టి అంటగట్టారు. ఆడి చూడమన్నాను కదా?"

అతను వెనక వరండాలోకి పోయి నిలబడ్డాడు. గుడ్డివాణ్నయిపోతున్నానని ఇన్నాళ్లూ లోలోపల ఏడ్చిందంతా తలచుకుంటే ఒళ్లు మండిపోయింది.

షాపువాళ్లు వాపసు తీసుకునేది లేదని తెగేసి చెప్పారు. సంగతి తెలిసి బావమరిది వచ్చి, "పోనీలే బావా, నిజం బస్సా ఏంటి? అయినా అప్పుడే గట్టిగా చెప్పాల్సింది" అన్నాడు.

"చెప్పాను. చూపుతో పాటు నా మాటకి కూడా విలువ పోయిందనుకున్నావు."

గొంతు పెంచకుండానే అన్నాడు. బావమరిది కాఫీ ముట్టకుండా లేచి వెళ్లిపోయాడు.

"పని మానుకుని మీ వెంట తిరిగినందుకు వాడికి ఇదా మర్యాద?" అని భార్య మొహం మాడ్చుకుంది. ఆ తర్వాత అన్నం పెట్టేటప్పుడు కూడా అతనితో మాట్లాడలేదు.

కార్డు మార్పిస్తానని కూతురు అంటే వద్దన్నాడు. స్టీరింగునీ పెడళ్లనీ అట్టపెట్టెలో కుక్కి అటక మీద పడేశాడు.

ఇప్పుడు ఆ కంప్యూటర్లో భార్య రోజూ తమ్ముడితో వీడియో కాల్ మాట్లాడుతుంది.

"ఎంత బాగా కనబడుతున్నావో చూశావా అక్కా? నా మాట విన్నారు కాబట్టి మంచిది దొరికింది" అంటాడతను.

మెత్తబ్రేకు చెప్పులు వేసుకుని వీధిలోకి పోతాడు.