సున్నం పని, కప్పు పని

ఇంటింటికీ కేబుల్ టీవీ వచ్చిన కొత్తల్లో, మహారాష్ట్రలోని చంద్రపూర్‌లో పళ్ల డాక్టరునైన నాకు ఊపిరాడకుండా పోయింది. రాత్రి టూత్‌పేస్టు ప్రకటనలో ఎవరో పళ్లు మెరిపించడం, పొద్దున్నే లాల్‌పేట్ బొగ్గుగని క్వార్టర్ల నుంచి మన తెలుగు ఆడవాళ్లు నా దవాఖానాకు దిగడం. ఒక్కరుగా వస్తే వాళ్లు లాల్‌పేట్ వాళ్లెలా అవుతారు? క్వార్టర్ల వరసను వాళ్లు లైన్ అంటారు. ఒకామెకు పన్ను నొప్పి అంటే లైన్ లైనంతా ఆటోలెక్కేది. ఆమెకు పుచ్చులో సిమెంటు పెట్టానా, మిగతా అందరికీ అదే కావాలి. నీ పన్ను శుభ్రంగా ఉంది తల్లీ, అక్కర్లేదు అంటే మూతి ముడుచుకునేవాళ్లు. ఆమెకు చేసి మాకెందుకు చేయవని నిలదీసేవాళ్లు.

అసలే నాకు ఓపిక తక్కువ. ఒకరోజు విసుగొచ్చి, ఇల్లు కురుస్తుంటే ముందు కప్పు బాగుచేయిస్తారా, గోడలకు సున్నం వేయిస్తారా అని అడిగాను. పుచ్చు, చీము, కదిలే పన్ను కప్పు పని. అది ఆగదు. పసుపు రంగు, వంకర పన్ను, పళ్ల మధ్య సందు సున్నం పని. అది మీ ముచ్చట, చేయించుకోకపోతే కొంపలేమీ మునగవు. ఆ మాట వాళ్లకెంత నచ్చిందంటే, ఆ తర్వాత బయట బెంచీ మీదే ఒకరి నోరొకరు చూసుకుని తీర్పులు చెప్పడం మొదలుపెట్టారు. నీది ఉత్త సున్నమే పో అని కుర్చీలోంచి లేపేసినవాళ్లు కూడా ఉన్నారు. నాకు పనీ తగ్గింది, నవ్వూ ఆగేది కాదు.

వీళ్లందరినీ వెంటేసుకొచ్చేది ఒక పెద్దమ్మ. లైన్‌లో ఆమె మాటకు తిరుగులేదు. అందరినీ కుర్చీ ఎక్కించేది గానీ తాను మాత్రం ఎక్కేది కాదు. చెంపలో ఎప్పుడూ గుడాకు, అదే, పొగాకు ముద్ద. ఒకరోజు పట్టుబట్టి ఆమె నోరు చూశాను. విరిగిన దవడ పన్ను చెంపను గీరుతోంది. సరిగ్గా ముద్ద ఉంచుకునే చోటే తెల్లటి మచ్చ. పన్ను తీయాలి, మచ్చలోంచి చిన్న ముక్క తీసి నాగ్‌పూర్‌కు పరీక్షకు పంపాలి, గుడాకు ఈ రోజే మానాలి అన్నాను. క్యాన్సర్ కావచ్చు, కాకపోవచ్చు, చూస్తేగాని తెలియదని కూడా చెప్పాను.

ఆమె నా మాటను చేత్తో తోసేసింది.

"నొప్పే లేదు బిడ్డా. నొప్పి లేంది కప్పు పనెట్లయితది? నాది సున్నమే."

నా పాఠం నాకే అప్పజెప్పింది. లైనంతా అవునన్నట్టు తలూపింది. నాకు ఒళ్లు మండింది, భయమూ వేసింది. వాన పడేదాకా ఏ కప్పయినా బాగానే కనబడుతుంది పెద్దమ్మా, పగులు ఉందో లేదో ఎండాకాలంలోనే చూసుకోవాలి అన్నాను. ఆమె నా మొహంలోకి చూసింది. తర్వాత గుడాకు డబ్బీ తీసి చెత్తబుట్టలో పడేసి, కుర్చీలో కూర్చుని నోరు తెరిచింది.

నాగ్‌పూర్ నుంచి జవాబు వచ్చేదాకా నాకు అన్నం సహించలేదు. వచ్చింది. క్యాన్సర్ లేదు. గుడాకు ముట్టకపోతే మచ్చ కూడా మానే అవకాశం ఉందన్నారు. ఆ మాట చెబితే లైనంతా ఒకటే గోల, కోవా పేడాలు పంచారు. నేనూ ఊరుకోలేదు, చూశారా, వాన మాట ఎలా పనిచేసిందో అని గొప్పలు పోయాను.

పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుని పక్కకు లాగింది.

"వాన ముచ్చట గాదు బిడ్డా. నువ్వు అందరికీ నవ్వుకుంట చెప్తవ్. నాకు చెప్పేటప్పుడు నవ్వలే. గప్పుడే ఎరుకైంది."