వెంకట్ ఐదో ఫౌల్

జిలేబీ ఇస్తే దాన్ని ఇచ్చినవాడి మొహానే కొట్టాలనిపించడం నాకు ఇదే మొదటిసారి. ఈ సాయంత్రం ఉమ్రి రైల్వే స్టేషన్ బయట టీ బండి దగ్గర గంగాధరన్న అందరికీ జిలేబీ పంచుతూ పండగ చేసుకున్నాడు. నాందేడ్‌లో మా కాలేజీ బాస్కెట్‌బాల్ కోచ్‌ని తీసేశారట. అన్న ఏనాడూ బంతి ముట్టలేదు గానీ మా టీమ్ మ్యాచ్ ఒక్కటి కూడా చూడటం మానలేదు.

"పీడ పోయింది! ఆ ఫైనల్ల ఆఖరి నిమిషంల వెంకట్‌ను కూసోవెట్టిండు, ఒక్క పాయింట్‌తోని ఓడినం. గప్పుడే తీసెయ్యాలె ఈయనను."

వెంకట్ అప్పట్లో మా టీమ్‌లో అందరికంటే మంచి ఆటగాడు. ఆ ఫైనల్ అయిన పదేళ్ళుగా అన్నది ఇదే పాట. ఇక తట్టుకోలేక గ్లాసు కింద పెట్టాను.

"సర్ కూసోవెట్టలే అన్నా. వెంకట్‌కు ఐదు ఫౌల్లయినయ్. ఐదైతే ఎవ్వడైనా బయటికి పోవాల్సిందే. ఆ రోజు స్కోర్ షీట్ రాసింది నేనే."

"ఐదా? నాలుగే గదా!"

"మీరు రిఫరీని తిట్టుడుల ఉన్నరు. లెక్క ఏడ చూసిండ్రు?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. అన్న జిలేబీ పొట్లం మడిచి నా వైపు తిరిగాడు.

"మరి ఇన్నేండ్లు నోరెందుకు మూసుకున్నవ్ రా? ఆయనను తీసెయ్యాలని సంతకాలకు నీ ఇంటికి గూడ అస్తిమి గదా?"

వచ్చారు. నేను సంతకం పెట్టలేదు. ఎందుకు పెట్టనో కూడా చెప్పలేదు.

అన్నను తిట్టడానికే ఈ పోస్టు మొదలుపెట్టాను, కానీ పదేళ్ళు నిజం దాచింది నేనే. సర్ నంబరు నా ఫోన్లో ఉంది. ఫోన్ చేసి ఆయనతో ఏమని మాట మొదలుపెట్టాలో తెలిసినవాళ్ళు కింద రాయండి. మ్యాచ్ గురించి మాత్రం ఎవరూ రాయకండి.