కోసిన మడికి నీళ్లు

ఏప్రిల్, మంగళవారం. ఉన్నవారు: నిర్మలమ్మ గారు, ఖాదర్ బాషా, నేను.

పాత డైరీలో ఆ రోజు పేజీ ఇలా మొదలవుతుంది. ఇవాళ మధ్యాహ్నం కూలర్ వేయగానే ఆ హోరుకు కర్నూలులో నేను పనిచేసిన ప్రభుత్వ సర్వర్ గది గుర్తొచ్చింది. వెతికి ఆ పేజీ తీశాను.

నిర్మలమ్మ గారు మా పై అధికారి. మైదుకూరు దగ్గర రెండెకరాల రైతు ఇంటి బిడ్డ. ఆదివారం చర్చికి, మిగతా ఆరు రోజులు ఆ గదికి. నాలుగు సర్వర్ల మీద శాఖకొక వర్చువల్ మిషన్ నడిపేవాళ్లం; అంటే ఒకే సర్వర్ మెమరీని పంచుకుని, దేనికది వేరే కంప్యూటరులా పనిచేసేవి. ఏ మిషన్‌కు ఎంత మెమరీ ఇవ్వాలో ఆమె తేల్చేవారు. ఎక్కువ అడిగినవారిని కాదనేవారు కాదు; నెల రోజుల వాడకం కాగితం మీద రాసుకొని రమ్మనేవారు. సగం మంది మళ్లీ కనిపించేవారు కాదు.

ఆ మంగళవారం పొద్దున ఒక సర్వర్ ఆగిపోయింది. అప్పుడు దాని మీది మిషన్లు మిగతా మూడింటి మీద వాటంతటవే లేవాలి. ఆసుపత్రి ఓపీ చీట్ల మిషన్ తప్ప అన్నీ లేచాయి. ఆసుపత్రి కంప్యూటర్లు చూసే ఖాదర్ బాషా స్కూటరు మీద వచ్చేశాడు. చీటీ లేనిదే డాక్టరు చూడడని, లైను గేటు దాటిందని చెప్పాడు.

"పిల్లోళ్లను ఎత్తుకోని ఎండలో నిలబడినారు మేడం."

మెమరీ ఖాళీగానే ఉంది, కానీ ఎవరికీ అందకుండా కట్టేసి ఉంది. కట్టేసింది నేను. నేను చూసే పన్నుల మిషన్‌కు మార్చి రద్దీ కోసం రిజర్వు చేయించుకుని, రద్దీ తీరాక కూడా వదల్లేదు. వదిలితే మళ్లీ దొరకదేమోనని భయం.

నిర్మలమ్మ గారు తెర చూసి నా వైపు తిరిగారు. "ఏమప్పా, వాడేది పావు. ముప్పావు ఎవురికి దాస్తాండావు?"

"వచ్చే మార్చికి మేడం."

"మార్చి శానా దూరం ఉండాది సార్," అన్నాడు ఖాదర్.

"మా చిన్నాయన ఇంతే," అన్నారామె. "బోరు వంతు పోతాదేమోనని కోసిన మడికి నీళ్లు కట్టేటోడు. పక్కనోళ్ల పైరు ఎండిపాయ. నీ చేత్తోనే తియ్యప్పా."

తీశాను. చీట్ల మిషన్ లేచింది. అప్పటికే ఎండకు తాళలేక ఎందరు వెనక్కి వెళ్లారో ఎవరూ లెక్కపెట్టలేదు. ఆ అంకె కోసం డైరీలో వదిలిన ఖాళీ ఇప్పటికీ అలాగే ఉంది. ఇంట్లో ఏది దాచిపెట్టబోయినా ముందు ఆ ఖాళీ కనిపిస్తుంది.

మరుసటి ఉదయం వెళ్లేసరికి నా బల్ల మీద ఒక కాగితం ఉంది. నిర్మలమ్మ గారు స్వయంగా చూసే మిషన్ పేరు, దాని నెల వాడకం, వదిలేస్తున్న మెమరీ, కింద ఆమె సంతకం. ఆమె కూడా కొంత దాచుకున్నారు. ఆ కాగితం పక్కన పెట్టుకుని నాది రాయడం మొదలుపెట్టాను.